ఇద్దరే హైదరాబాద్ చూసి రావాలంటే: నల్లగొండ, పాలమూరు వాళ్లకు రెండు రోజుల ప్లాన్

నా పుట్టిల్లు మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, అత్తిల్లు నల్లగొండ. చుట్టాలు రెండు వైపులా ఉండడంతో ఒకే ప్రశ్న రెండు దిక్కుల నుంచీ వస్తుంది. "అక్కా, ఈ శని, ఆదివారాలు మేమిద్దరమే హైదరాబాద్ పోదామనుకుంటున్నాం. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, ఏమేం చూడొచ్చు?" కొత్తగా పెళ్లయినవాళ్లు అడుగుతారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామనుకునేవాళ్లూ అడుగుతారు. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

హైదరాబాద్ మనకు తెలియని ఊరేం కాదు. కాకపోతే ఎప్పుడు పోయినా పని మీదే పోతాం. అమ్మకు కంటి ఆపరేషన్, మరిది పెళ్లికి బట్టలు, పిల్లల పరీక్ష సెంటర్. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగడం, పని చూసుకోవడం, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కడం. పెళ్లయిన పదకొండేళ్ల దాకా మా ఆయనా నేనూ కలిసి చార్మినార్ ఎక్కలేదు. కింది నుంచి మాత్రం చాలాసార్లు చూశాం. మీరు అన్నేళ్లు ఆగకండి.

ఒక్క మాట ముందే చెప్తాను, ప్లాన్ అంతా దీని మీదే నడుస్తుంది. ఆదివారం మీరు చూసే చివరి చోటు ఇంటికి పోయే దారిలో ఉండాలి. ఇది మరిచి ప్లాన్ వేసుకున్నవాళ్లు ఆదివారం సాయంత్రం బ్యాగులు మోసుకుంటూ ఊరంతా అడ్డంగా దాటాల్సి వస్తుంది. రెండు రోజుల సంతోషం ఆ రెండు గంటల్లో ఆవిరైపోతుంది. నల్లగొండ వాళ్లు తూర్పు నుంచి, ఎల్బీనగర్ మీదుగా ఊళ్లోకి వస్తారు. పాలమూరు వాళ్లు దక్షిణం నుంచి, ఆరాంఘర్ మీదుగా వస్తారు. అందుకే ఇద్దరికీ ఒకే ప్లాన్ పనికిరాదు, ఇద్దరికీ వేరువేరుగా రాశాను.

కావలసినవి

- ఇద్దరి ఒరిజినల్ ఆధార్ కార్డులు. ఫోన్‌లో ఫొటో చాలదు, ఎందుకో కింద చెప్తాను.
- ఇద్దరికీ కలిపి ఒక్కటే బ్యాగు, భుజానికి వేసుకునేది. చక్రాల సూట్‌కేసుతో పాతబస్తీ సందుల్లో నడవలేరు.
- బ్యాగుకు చిన్న తాళం. క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే కావాలి.
- పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు. గోల్కొండ మెట్లకు హీల్స్ పనికిరావు.
- లీటరు నీళ్ల సీసా, పలుచని తువ్వాలు, దోమల క్రీమ్.
- పది, ఇరవై, యాభై నోట్లుగా కొంత చిల్లర. అన్నిచోట్లా ఫోన్ పే నడుస్తుంది కానీ ఆటో దగ్గర నెట్ రాక నిలబడడం నాకు అనుభవమే.
- గాజులు కొనే ఆలోచన ఉంటే చేతికి సరిగ్గా సరిపోయే పాత గాజు ఒకటి.
- పవర్ బ్యాంకు.

1. వారం ఎంచుకోండి

శని, ఆదివారాల్లో పోవడంలో మనకో లాభం ఉంది. శనివారం పొద్దున హైదరాబాద్ జనం ఊళ్లకు బయలుదేరుతుంటే మనం లోపలికి పోతాం. ఆదివారం సాయంత్రం వాళ్లు తిరిగి వస్తుంటే మనం బయటికి వస్తాం. రద్దీ ఎక్కువగా ఎదురు వైపే ఉంటుంది. సంక్రాంతి, దసరా ముందు వారాల్లో మాత్రం ఈ లెక్క కుదరదు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి, ఆ వారాలు వదిలేయండి.

కొన్ని సంగతులు ముందే చూసుకోండి. గణేశ్ నిమజ్జనం రోజుల్లో ట్యాంక్‌బండ్ వైపు పోలేరు. ఆషాఢంలో గోల్కొండ కోటలో బోనాలు జరుగుతాయి, ఆదివారాలు జనం కిక్కిరిసి ఉంటారు. బోనాలు చూడాలనే పోతే అదృష్టమే, కోట తీరిగ్గా చూడాలంటే వేరే నెల పెట్టుకోండి. రంజాన్ నెలలో చార్మినార్ రాత్రుళ్లు వెలిగిపోతుంది, హలీం దొరుకుతుంది, కానీ రద్దీ విపరీతం. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడుమ దాకా నాంపల్లిలో నుమాయిష్, అంటే పెద్ద ఎగ్జిబిషన్, ఉంటుంది. ఆ రోజుల్లో పోతే ఒక సాయంత్రం దానికి కేటాయించండి, గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గర. ఎండాకాలంలో అయితే గోల్కొండ పొద్దున్నే లేదా సాయంత్రమే, మధ్యాహ్నం వద్దేవద్దు.

సెలవు దొరికి శుక్రవారమే పోదామనుకునేవాళ్లకు హెచ్చరిక: సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయి. సోమవారం దాకా ఉండేవాళ్లకు జూపార్కు ఉండదు.

2. రూము: ఏరియా ముందు, రేటు తర్వాత

లకడీకాపూల్, నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కల చూడండి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ పోయే మెట్రో లైను ఇటు నుంచే పోతుంది. గోల్కొండకు, చార్మినార్‌కు, ట్యాంక్‌బండ్‌కు ఇది నట్టనడుమ. హైటెక్ సిటీ వైపు మంచి హోటళ్లు ఉన్నాయి కానీ మనం చూడాలనుకునేవేవీ అటు పక్కన లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో చవకగా దొరుకుతుందని నల్లగొండ వాళ్లు అక్కడే దిగుతారు. పర్వాలేదు, మెట్రో ఉంది. కాకపోతే గోల్కొండకు చాలా దూరమవుతుంది.

బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, రోజు లెక్క ఎలా? కొన్ని లాడ్జీల్లో మీరు దిగిన గంట నుంచి 24 గంటలు. కొన్నింటిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా. మేం మొదటిసారి పోయినప్పుడు ఇది అడగలేదు. శనివారం పొద్దున తొమ్మిదికి దిగి, ఆదివారం తొమ్మిదికి ఖాళీ చేస్తే రెండు రోజుల కిరాయి తీసుకున్నారు. శనివారం పన్నెండుకే మాకు మొదటి రోజు అయిపోయిందట. వాదించినా లాభం లేకపోయింది, రూల్స్ బోర్డు అక్కడే గోడ మీద ఉంది.

రెండు, తొందరగా వస్తే బ్యాగు రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారా? ఇస్తే పన్నెండు లెక్క ఉన్న లాడ్జి కూడా మీకు సరిపోతుంది. బ్యాగు అక్కడ పెట్టి తిరగడానికి పోవచ్చు.

మూడు, ఇద్దరి ఐడీ ఒరిజినల్ కావాలా? చాలాచోట్ల భార్యాభర్తలిద్దరివీ విడివిడిగా అడుగుతారు. భర్తది ఒక్కటే తెచ్చి, భార్యది ఇంట్లో బీరువాలో ఉండిపోయి, కౌంటర్ దగ్గర తలవంచుకుని నిలబడాల్సి వచ్చిన జంటను చూశాను. పెళ్లయి వారమే అయినట్టుంది, ఆ అమ్మాయి ముఖం చూస్తే బాధేసింది. పెళ్లయిన కొత్తలో ఆధార్‌లో పుట్టింటి పేరు, పుట్టింటి అడ్రసే ఉంటుంది. ఉంటే ఏం కాదు, కార్డు మాత్రం చేతిలో ఉండాలి.

3. బస్సు ఎక్కేముందు బోర్డు చదవండి

రెండు ఊళ్ల నుంచీ హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. బస్సులో రెండున్నర గంటలు వేసుకోండి. పొద్దున ఆరుకల్లా బస్టాండ్‌లో ఉంటే ఆ రోజంతా చేతికొస్తుంది.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సుల్లో ఇది వర్తించదు. ముందు వచ్చిందని ఎక్కేసి, కండక్టర్ ఇద్దరికీ డబ్బులడిగితే గొడవ పడకండి, అది ఆయన తప్పు కాదు. ఎక్కేముందే ఎక్స్‌ప్రెస్ అవునా కాదా అడగండి. ఆధార్ చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి, డబ్బులు లేవు కదా అని టికెట్ వదిలేయకూడదు. హైదరాబాద్ సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఇదే నడుస్తుంది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే సిటీ బస్సే. మెట్రో రైలులో అందరూ టికెట్ తీయాల్సిందే. పేరు ఒకేలా ఉండడంతో మా అత్తమ్మ కూడా తికమకపడింది.

రైలు కావాలంటే మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు, నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు ఉన్నాయి. కాచిగూడలో దిగితే పాతబస్తీ దగ్గరే కాబట్టి పాలమూరు వాళ్లకు రైలు కూడా బాగుంటుంది. నల్లగొండ వాళ్లకు నా సలహా బస్సే.

సొంత కారులో పోతే ఎల్బీనగర్ దగ్గర సురక్షితమైన పార్కింగ్ చూసి పెట్టి, మెట్రో ఎక్కండి. పాతబస్తీలోకి కారు తీసుకుపోతే మీ ఆయన చూపంతా అద్దాల మీదే ఉంటుంది, చార్మినార్ మీద ఉండదు. బైక్ మీద వంద కిలోమీటర్లు పోయి మళ్లీ తిరుగుదామనే ఆలోచన మానుకోండి.

4. నల్లగొండ వాళ్ల ప్లాన్

శనివారం: ఎల్బీనగర్‌లో దిగండి. ఎంజీబీఎస్ దాకా బస్సులో కూర్చోవద్దు, ఆ చివరి ముక్కకే బోలెడు సమయం పోతుంది. అక్కడే మెట్రో మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. లకడీకాపూల్‌లో దిగి లాడ్జిలో బ్యాగు పెట్టండి. టిఫిన్ చేసి పన్నెండు లోపు బిర్లా మందిర్ చూసేయండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, కౌంటర్‌లో పెట్టి టోకెన్ తీసుకోవాలి. ఫొటోలు తీసుకోలేమని దిగులు పడకండి. నౌబత్ పహాడ్ మీద ఆ తెల్ల పాలరాతి గచ్చుపై నిలబడి కిందికి చూస్తే హుస్సేన్‌సాగర్ కనిపిస్తుంది. ఫోన్ లేని ఆ అరగంట ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

భోజనం చేసి రూములో గంటసేపు పడుకోండి. ఇది దాటేయకండి. మూడుకు గోల్కొండ బయలుదేరండి.

ఆదివారం: పొద్దున రూము ఖాళీ చేసి మెట్రోలో ఎంజీబీఎస్. బ్యాగు క్లోక్ రూమ్‌లో పెట్టి, పదికి సాలార్‌జంగ్ మ్యూజియం. తర్వాత చార్మినార్, గాజులు. అయిదుకు ఎంజీబీఎస్‌కు తిరిగొచ్చి బస్సు.

5. పాలమూరు వాళ్ల ప్లాన్

ఇది తలకిందులుగా ఉంటుంది. శనివారం నేరుగా ఎంజీబీఎస్‌లో దిగి, బ్యాగు క్లోక్ రూమ్‌లో పెట్టి, మ్యూజియం, చార్మినార్ ముగించండి. సాయంత్రం బ్యాగు తీసుకుని మెట్రోలో లాడ్జికి. స్నానం చేసి ట్యాంక్‌బండ్.

ఆదివారం పొద్దున్నే గోల్కొండ. కోట పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, ఎండ ఎక్కకముందే పైకి చేరిపోవచ్చు. ఓపిక ఉంటే కిలోమీటరు దూరంలోనే కుతుబ్‌షాహీ సమాధులు, పెద్ద తోటలో ఉంటాయి, నీడ బాగుంటుంది. అక్కడి నుంచి మెహదీపట్నం వచ్చి భోజనం చేసి, అత్తాపూర్ మీదుగా ఆరాంఘర్. షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పోయే మన బస్సులు అక్కడ ఆగుతాయి. మళ్లీ ఎంజీబీఎస్ దాకా పోనక్కర్లేదు.

6. మ్యూజియం: అన్నీ చూడొద్దు

సాలార్‌జంగ్ మ్యూజియంలో దాదాపు నలభై గ్యాలరీలు. టికెట్ డబ్బులు గిట్టాలని అన్నింట్లో తిరిగితే పదో గ్యాలరీకే కాళ్లు లాగుతాయి, కళ్లు పనిచేయవు. నేను చెప్పే నాలుగు చూడండి, మిగిలినవి దారిలో కనిపించినంత చాలు.

మొదట టైము చూసుకుని గడియారం దగ్గరికి పొండి. గంట కొట్టడానికి పదిహేను నిమిషాల ముందే అక్కడ ఉండాలి. గడియారంలో ఒక కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ సుత్తితో కొడుతూ ఉంటుంది. గంట కావడానికి మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికొస్తుంది. సరిగ్గా సమయానికి గంట మోగించి లోపలికి పోతుంది. పన్నెండుకు పన్నెండు దెబ్బలు. అంతే, కానీ వందమంది పిల్లలూ పెద్దలూ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. వెనక నిలబడితే తలలే కనిపిస్తాయి, అందుకే ముందు పొమ్మంటున్నాను. పదకొండుది తప్పిపోతే పన్నెండుది ఎలాగూ ఉంటుంది.

రెండోది మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీది ముసుగు కూడా రాయే. తడి బట్ట ముఖానికి అంటుకున్నట్టు కళ్లు, ముక్కు లోపలి నుంచి కనిపిస్తాయి. ఎదురుగా చూసి వచ్చేయకుండా పక్కకు జరిగి చూడండి, ముసుగు మడత ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మూడోది అద్దం ముందు నిలబెట్టిన చెక్క బొమ్మ. ముందు నుంచి మగ మనిషి, అద్దంలో చూస్తే వెనక ఆడపిల్ల, రెండూ ఒకే దుంగలో. నాలుగోది ఆయుధాల గ్యాలరీ, మా ఆయనను అక్కడి నుంచి లాక్కురావాల్సి వచ్చింది.

మ్యూజియం బయట మూసీ. ఈ నీళ్లే మన నల్లగొండ దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఆ కృష్ణ నీళ్లే నాగార్జునసాగర్ నుంచి పైపుల్లో తిరిగి ఈ ఊరికి తాగడానికి వస్తాయి. వంతెన మీద నిలబడితే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

మహబూబ్‌నగర్ వాళ్లకు ఒక అదనపు మాట. మన ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు దగ్గర్లోనే పురానీ హవేలీలో, నిజాం మ్యూజియంలో ఉన్నాయి. పొడవాటి హాలుకు రెండు వైపులా, రెండంతస్తుల చెక్క బీరువాలు. గంట సమయం మిగిలితే తప్పక చూడండి.

7. చార్మినార్, లాడ్‌బజార్

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. టికెట్ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసి ఫోన్‌లోనే టికెట్ తీస్తే క్యూ తప్పుతుంది. లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు తిరుగుతూ పోతాయి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకోవాలి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కవద్దు. సాయంత్రం అయిదున్నరకు మూస్తారు, కాబట్టి గాజులు తర్వాత, ఎక్కడం ముందు. చాలామంది ఈ వరస తిరగేసి, గాజుల బేరంలో సమయం పోయి, కింది నుంచే ఫొటో దిగి వస్తారు.

లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే దుకాణం కనిపిస్తే పది నిమిషాలు ఆగండి. చిన్న బొగ్గుల కుంపటి, దాని మీద రేకు. లక్క ముద్దను వేడి మీద మెత్తబరిచి, చేత్తో తీగలా సాగదీస్తాడు. గుండ్రంగా వంచి కొసలు కలిపి కొలతకు ఎక్కిస్తాడు. ఇంకా వేడిగా ఉండగానే ఒక్కో రాయి తీసి వరసగా అద్దుతాడు. రాయికీ రాయికీ మధ్య దూరం చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. ఇది చూశాక మీరే బేరం మెత్తగా ఆడతారు.

కొనేటప్పుడు:

- సైజు నోటితో చెప్పకండి. రెండున్నాలుగు, రెండున్నారు అని చెప్పి తీసుకున్నవి ఇంటికొచ్చాక ఎక్కకపోతే మార్చుకోవడానికి వంద కిలోమీటర్లు పోవాలి. పాత గాజుతో పోల్చి, అక్కడే వేసుకుని చూడండి. లక్క గాజు లోపలి వైపు మందంగా ఉంటుంది, మామూలు సైజే బిగుతుగా తగులుతుంది.
- రాళ్ల మీద వేలితో మెల్లగా రుద్ది చూడండి. కదిలినా, జిగురు చేతికి అంటినా వద్దు.
- నాలుగు దుకాణాల్లో రేటు అడిగాకే కొనండి. మొదటి దుకాణంలో చెప్పిన ధరకు కొన్నందుకు మా ఆడపడుచు ఇప్పటికీ బాధపడుతుంది.
- ఎండ తగిలే చోట, కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టకండి. లక్క మెత్తబడి వంకర పోతుంది.

అలసిపోయాక చార్మినార్ పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్. బిస్కట్ చాయ్‌లో ముంచి తినాలి, ఎక్కువసేపు ముంచితే విరిగి కిందికి పోతుంది. బిరియాని ఒకటి తెప్పిస్తే ఇద్దరికి సరిపోతుంది, చెరొకటి ఆర్డర్ చేయకండి. తర్వాత ఖుబానీ కా మీఠా.

8. గోల్కొండ

మెట్రో అక్కడి దాకా లేదు. లకడీకాపూల్ నుంచి మెహదీపట్నం మీదుగా సిటీ బస్సు లేదా ఆటో. యాప్‌లో రేటు చూసుకుని, అది చెప్పి ఆటో మాట్లాడండి.

ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. ఇద్దరూ విడిపోయి ఒకరు కింద, ఒకరు పైన ఉండి చూద్దామని ప్రయత్నించకండి. వచ్చిన ప్రతివాళ్లూ చప్పట్లు కొడుతుంటారు, మీది ఏదో తెలియదు, పైగా ఒకరినొకరు వెతుక్కోవాలి.

పైకి మూడు వందలకు పైగా మెట్లు. గబగబా ఎక్కకండి. దారిలో రామదాసు బందీఖానా వస్తుంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా బంధించిన చోటు ఇది. గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే సీతారామలక్ష్మణుల, హనుమంతుడి బొమ్మలున్నాయి. చీకటి గది, కళ్లు అలవాటు పడేదాకా ఆగితేనే కనిపిస్తాయి. లోపల అడుగుపెట్టి వెంటనే తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. పైన అమ్మవారి గుడి దగ్గర గాలి ఎంత బాగుంటుందో పోయినవాళ్లకే తెలుస్తుంది.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. ఏ రోజు ఏ భాషలో ఉందో కౌంటర్‌లో అడిగాకే టికెట్ తీయండి. దోమల క్రీమ్ దీనికే తెమ్మన్నాను. షో అయ్యాక ఆటోలు ఎక్కువ అడుగుతాయి. జనం లేవకముందే యాప్‌లో బుక్ చేసుకోవడం ఒక దారి.

నల్లగొండ వాళ్లు శనివారం షో చూస్తే ఆ రాత్రి ట్యాంక్‌బండ్ వదిలేయాలి. రెండూ కావాలని పట్టుబడితే పదకొండు దాటుతుంది, మర్నాడు లేవలేరు. నన్నడిగితే కోట నుంచి అయిదున్నరకే దిగి ట్యాంక్‌బండ్ పొమ్మంటాను.

9. ట్యాంక్‌బండ్

లుంబినీ పార్క్ నుంచి పడవలో బుద్ధ విగ్రహం దగ్గరికి తీసుకుపోతారు. ఆ బుద్ధుడి రాయి మనదే, భువనగిరి దగ్గర రాయగిరి గుట్టది. అప్పటికది నల్లగొండ జిల్లాయే. 1990లో నీళ్ల మీద తీసుకుపోతుంటే మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్ల తర్వాత పైకి తీసి 1992లో నిలబెట్టారు. దీపాల వెలుగులో చూసేటప్పుడు ఇది మీ ఆయనకు చెప్పండి.

పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. పక్కనే కొత్త సచివాలయం, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అమరుల స్మారకం రాత్రి వెలుతురులో బాగుంటాయి. తిరిగి రావడానికి చివరి మెట్రో ఎన్నింటికో ముందే చూసుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రామోజీ ఫిల్మ్ సిటీని ఈ రెండు రోజుల్లో ఇరికించడం. నల్లగొండ దారిలోనే ఉంది కదా అని పోయేటప్పుడు దిగుదామంటారు. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూర్తిగా ఒక రోజు పని, టికెట్ కూడా ఖరీదే. దానికి ఇంకోసారి పొండి.

హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలకు ముందే చెప్పడం. చెప్పకపోతే తప్పనుకుంటాం, చెప్తే భోజనానికి రమ్మంటారు, శనివారం సాయంత్రం అక్కడే అయిపోతుంది. ఇద్దరే గడపడానికి పోతున్నారు కాబట్టి తిరిగొచ్చాక ఫోన్ చేసి చెప్పండి. మాకెవరూ ఏమీ అనుకోలేదు.

పనులు కలుపుకోవడం. ఎలాగూ పోతున్నాం కదా అని మిక్సీ రిపేరు, ఎవరికో మందులు, ఎవరికో చీర మార్చడం పెట్టుకోకండి. ఆ ఒక్క పనికే సగం రోజు పోతుంది.

ప్లాన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

గురువారం రాత్రి ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఒక వైపు ఊళ్లో తిరిగే ప్రయాణాల సమయం, ఇంకో వైపు చూసే సమయం. ఏ రోజైనా ప్రయాణాలు మూడు గంటలు దాటితే ఒక చోటు కొట్టేయండి. ఏది కొట్టేయాలో ఇద్దరూ కలిసి అనుకోండి. అక్కడికి పోయాక రోడ్డు మీద నిలబడి తేల్చుకోవడం కష్టం.

శుక్రవారం లాడ్జికి ఇంకోసారి ఫోన్ చేసి రూము ఉందని ఖాయం చేసుకోండి. కార్డులు పర్సులో ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. శనివారం రాత్రి ఒకరి కాళ్లయినా నొప్పిగా ఉంటే ఆదివారం మధ్యాహ్నం తర్వాతవి తీసేయండి, పాలమూరు వాళ్లయితే సమాధులు, నల్లగొండ వాళ్లయితే గాజుల బజారు.

ఒక్క రోజే దొరికిందంటే మ్యూజియం, చార్మినార్, గాజులు చూసుకుని ఎంజీబీఎస్ నుంచే తిరిగి రండి. లాడ్జి అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందు ఎక్కేలా చూసుకోండి. ఆరాంఘర్‌కు వచ్చేసరికి మహబూబ్‌నగర్ బస్సుల్లో సీట్లు నిండిపోతాయి. ఒకటి రెండు బస్సులు వదిలేస్తే సాధారణంగా దొరుకుతుంది. నిలబడలేమనుకుంటే కాస్త వెనక్కైనా ఎంజీబీఎస్ పోయి ఎక్కండి. నల్లగొండ వాళ్లు ఎంజీబీఎస్‌లో ఎక్కితే సీటు ఖాయం, ఎల్బీనగర్‌లో ఖాయం కాదు. కిటికీ పక్క సీటు దొరికితే ఎండ పడని వైపు చూసుకోండి, గాజుల డబ్బా ఒళ్లో పెట్టుకోండి.